లైసెన్సు చేతికొచ్చాక

చిరంజీవి చిన్నికి,

నీ కమర్షియల్ పైలట్ పరీక్ష, అదే చెక్‌రైడ్, పాసయిందని ఫోన్లో చెబుతుంటే మీ అమ్మకు మాట పెగల్లేదు. అమ్మమ్మ అయితే వీధంతా తిరిగి చెప్పి వచ్చింది. ఫ్లోరిడాలో మధ్యాహ్నం దాటగానే ముంచుకొచ్చే ఉరుముల వానలకు ముందే పని ముగించుకోవాలని చీకటితో లేచి, సెస్నా చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ చూసుకుని ఎక్కి, నువ్వు సంపాదించుకున్న లైసెన్సు అది. ఎవరూ దయతలచి చేతిలో పెట్టింది కాదు. ఆ మాట ముందు చెప్పి, నువ్వు అడిగినదానికి వస్తాను.

నీ ఉత్తరంలో సంతోషం కన్నా భయమే ఎక్కువ కనిపించింది. వీసా గడువు దగ్గర పడుతోందన్నావు. ఒక స్నేహితురాలు "ఏం కాదు, ఇక్కడే ఉండిపో, చిన్న ఎయిర్‌ఫీల్డులో చేతికి డబ్బిచ్చే పని చూసిపెడతా" అంటోందట. హైదరాబాద్ కన్సల్టెన్సీ వాళ్లు ఇంకో నాలుగు లక్షలు కడితే స్టేటస్ మార్పిస్తామంటున్నారట. గదిలో ఉండే అమ్మాయేమో లాగ్‌బుక్‌లో ఎగరని గంటలు కలుపుకోవడం అందరూ చేసేదేనంటోందట. నాన్నకు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదన్నావు. అడిగావు కాబట్టి దాచకుండా చెబుతాను. కొన్ని మాటలు కష్టంగా ఉంటాయి, ఓర్చుకో తల్లీ.

ముందు మన ఇంట్లో పాతుకుపోయిన ఒక నమ్మకం సంగతి. మన చుట్టాల్లో అమెరికా వెళ్లిన పిల్లలందరిదీ దాదాపు ఒకటే దారి. ఎంఎస్ చదువు, చదువయ్యాక కొంతకాలం పనిచేయనిచ్చే ఓపీటీ, హెచ్-1బి లాటరీ, ఆపైన గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపు. నిన్ను పంపేటప్పుడు మీ నాన్న వేసుకున్న లెక్క కూడా అదే. చదువయితే ఉద్యోగం, ఉద్యోగమొస్తే వీసా. కానీ నువ్వు వెళ్లింది ఆ దారిన కాదు. నీది ఎం-1 వీసా, వృత్తి శిక్షణ కోసం ఇచ్చేది. శిక్షణ ముగిశాక ప్రాక్టికల్ ట్రైనింగ్ పేరుతో కొంతకాలం పనిచేయొచ్చు గానీ, నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పునే. ఎంత చదివినా ఆరు నెలలకు మించదు. అదీ గడువు లోపల దరఖాస్తు పెట్టి, అనుమతి కార్డు చేతికొచ్చాకే పనిలో చేరాలి. ఎం-1 మీద వెళ్లినవాళ్లు అక్కడే ఉండి యూనివర్సిటీ చదువుల వీసా ఎఫ్-1కి మారడం కుదరదు. ఆ శిక్షణనే అర్హతగా చూపించి హెచ్ వీసాకు మారడమూ కుదరదు. ఇవి ఏదో ఆఫీసరు ఇష్టాయిష్టాల మీద నడిచేవి కావు, వాళ్ల నిబంధనల్లోనే రాసిపెట్టి ఉన్నవి. కన్సల్టెన్సీ వాళ్లను ఒక్కటే అడుగు: ఏ స్టేటస్ నుంచి ఏ స్టేటస్‌కు, ఏ ఫారం మీద, ఏ నిబంధన కింద మారుస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మను. ఇవ్వరు. ఆ నాలుగు లక్షలు అక్కడితో ఆగిపోతాయి.

హెచ్-1బి పైలట్లకు ఎందుకు అందదో కూడా తెలుసుకో, లేకపోతే ఎవరో ఒకరు మళ్లీ ఆశ పెడతారు. ఆ వీసా కావాలంటే ఆ ఉద్యోగానికి మామూలుగా ఒక నిర్దిష్టమైన డిగ్రీ తప్పనిసరి అయి ఉండాలి. పైలట్ ఉద్యోగం డిగ్రీ మీద కాదు, లైసెన్సు మీదా గంటల మీదా నడుస్తుంది. అందుకే సాఫ్ట్‌వేర్ పిల్లలకు తెరిచిన తలుపు పైలట్‌కు మూసే ఉంటుంది. ఇక 2025 సెప్టెంబరులో బయటి దేశం నుంచి పెట్టే కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. కో-పైలట్‌గా ఇంకా ఒక్క రోజు పనిచేయని పిల్ల కోసం అంత కట్టే ఎయిర్‌లైన్ ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకు. ఎఫ్-1 మీద యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్లకు నీకన్నా కొంచెం నయం, మామూలుగా ఏడాది ఓపీటీ ఉంటుంది. ఆ ఏడాదీ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి గంటలు పోగేసుకుంటారు. అయినా ఆ తర్వాత వాళ్లకూ అదే గోడ ఎదురవుతుంది.

అమెరికా ఎయిర్‌లైన్‌లో చేరాలంటే 1,500 గంటలు ఎగిరి ఉండాలన్న రూలు మీద నువ్వు చాలా కోపంగా రాశావు. ఇండియాలో 200 గంటలకే కమర్షియల్ లైసెన్సు ఇచ్చి కో-పైలట్‌గా తీసుకుంటారు, అమెరికాలో మాత్రం ఎందుకిలా అన్నావు. ఆ రూలు నిన్ను ఆపడానికి పుట్టలేదు. 2009 ఫిబ్రవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలింది. విమానంలో ఉన్న 49 మందీ, ఆ ఇంట్లో ఒకరూ పోయారు. ఆ కుటుంబాలవాళ్లు తమ దుఃఖాన్ని దిగమింగుకుని వాషింగ్టన్ చుట్టూ తిరిగారు. 2010లో చట్టం వచ్చింది, 2013 నుంచి ఎయిర్‌లైన్ కో-పైలట్‌కు కూడా ఎయిర్‌లైన్ పైలట్ల సర్టిఫికెట్, అదే ఏటీపీ, ఉండాలన్నారు. దానికి 1,500 గంటలు, ఏవియేషన్ డిగ్రీ ఉంటే 1,000. ఆ ప్రమాదంలో విమానం నడిపిన ఇద్దరికీ అంతకన్నా ఎక్కువ గంటలే ఉన్నాయి, కాబట్టి రూలు సరైనదేనా అని పెద్దపెద్దవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదన నీకూ నాకూ అక్కర్లేదు. యాభై ఇళ్ల కన్నీళ్లలోంచి వచ్చిన రూలు గురించి మాట్లాడేటప్పుడు "మన బతుకులు పాడుచేశారు" అనకు. అంతే నేను కోరేది.

అమెరికా పిల్లలు ఈ 1,500 ఎలా చేరుకుంటారో నీకు కళ్లెదురుగానే కనిపిస్తోంది. నీకు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ వయసెంత? నీకన్నా రెండు మూడేళ్లు పెద్ద ఉంటాడేమో. కుడి సీట్లో కూర్చుని, ఎండలో ఉడుకుతూ, కొత్తవాళ్ల ల్యాండింగులు దిద్దుతూ గంట గంట కూడబెట్టుకుంటున్నాడు. అతనికి అక్కడ ఉండే హక్కు పుట్టుకతో వచ్చింది. నీకు లేదు. ట్రాక్టరు నడపడం ఎంత బాగా వచ్చినా పక్కవాళ్ల చేలో దిగి దున్నే హక్కు దాంతో రాదు కదా. లైసెన్సు నీకు విమానం నడపడం వచ్చని మాత్రమే చెబుతుంది. ఎవరి దేశంలో జీతం తీసుకోవచ్చో చెప్పేది వేరే కాగితం. రెండూ ఒకటేనని ట్రైనింగ్ స్కూళ్ల బ్రోషర్లు నేరుగా చెప్పవు, అలా అనుకోనిస్తాయి. నాకు వాటి మీద ఉన్న కోపమల్లా అదే.

మిగతా దేశాల సంగతి కూడా అడిగావు. కెనడాలో ఒక చిన్న సందు ఉంది. అక్కడి ఫ్లైట్ స్కూల్లోనే నేర్చుకుని, అక్కడి కమర్షియల్ లైసెన్సూ ఇన్‌స్ట్రక్టర్ రేటింగూ సంపాదించి, ఆ స్కూలే ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం ఇస్తానంటే వర్క్ పర్మిట్‌కు అర్హత వస్తుంది. నువ్వు నేర్చుకున్నది అమెరికాలో కాబట్టి అది నీకు మళ్లీ మొదటి నుంచి ఖర్చు. యూరప్ ప్రకటనల్లో కింద ఒక వాక్యం ఉంటుంది చూడు, ఆ దేశాల్లో నివసించి పనిచేసే హక్కు ముందే ఉండాలని. గల్ఫ్ ఎయిర్‌లైన్లు వీసా తామే ఇస్తాయి, బయటివాళ్లను తీసుకుంటాయి, కానీ వేల గంటల అనుభవం ఉన్నవాళ్లను. ఆఫ్రికాలో బోట్స్వానా దేశపు మౌన్ పట్టణానికి ఒకప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి కొత్త పైలట్లు సామాను భుజాన వేసుకుని వెళ్లేవాళ్లు, ఓకవాంగో డెల్టా సఫారీలకు చిన్న విమానాలు నడపడానికి. అక్కడా ఇప్పుడు ముందు స్థానికులకే. ఇక డబ్బు కడితే కో-పైలట్ సీట్లో కూర్చోబెట్టి కొన్ని వందల గంటలు రాసిస్తామనే బేరాలు వస్తాయి. ఉద్యోగానికి జీతం తీసుకోవాలి గానీ ఎదురు కట్టకూడదు. దాని జోలికి పోకు.

గమనించావా, అన్నిచోట్లా న్యాయం ఒకటే. పైలట్ల కొరత వచ్చినప్పుడు ఏ దేశమైనా బయటి నుంచి తెచ్చుకునేది అనుభవమున్న కెప్టెన్లను. మన దేశమూ అంతే, ఫాటా అనే తాత్కాలిక అనుమతి మీద విదేశీ కెప్టెన్లను రప్పించుకుంది. కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లను తనదని చెప్పి నిలబెట్టుకునేది ఆమె సొంత దేశమొక్కటే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గడువు దాటి ఉండిపొమ్మన్న స్నేహితురాలికి నీ మీద ప్రేమే ఉండొచ్చు. కానీ దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డులో ఉన్న తేదీ దాటి 180 రోజులకు మించి ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది నిండితే పదేళ్లు ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. వేరే ఉద్యోగాలవాళ్లకు అది అమెరికా తలుపు మూసుకోవడం వరకే. పైలట్‌కు ఆ దెబ్బ వేరు. రేపు నువ్వు ఢిల్లీ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానం నడపాలంటే అమెరికా క్రూ వీసా కావాలి. అప్పుడు ముందు చూసేది నీ పాత రికార్డే. వెళ్లలేని దేశాలు ఉన్న పైలట్‌ను పెద్ద విమానాల మీద పెట్టుకోవడానికి ఎయిర్‌లైన్‌కు ఏం పట్టింది? ఇదంతా లాభనష్టాల లెక్క. లెక్క పక్కన పెట్టి చూసినా, ఆ దేశం నీకు చదువుకోవడానికి తలుపు తీసింది, వీసా ఇంటర్వ్యూలో చదువయ్యాక తిరిగి వెళ్తానని నీ నోటితో చెప్పావు. ఇచ్చిన మాట అది.

లాగ్‌బుక్ సంగతి వేరుగా చెప్పాలి. నేను బేగంపేటలోనూ తర్వాత శంషాబాద్‌లోనూ విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసినవాణ్ని. రాత్రి చివరి విమానం వచ్చి ఆగాక, టైర్లు చూసి, బ్రేకుల అరుగుదల చూసి, ఇంజను ఆయిల్ మట్టం చూసి, పైలట్ రాసిపెట్టిన లోపం ఏదైనా ఉంటే సరిచేసి, టెక్ లాగ్‌లో ఏం చేశానో రాసి కింద సంతకం పెట్టి లైసెన్సు నంబరు వేసేవాణ్ని. తెల్లవారుజామున కెప్టెన్ వచ్చి కాక్‌పిట్‌లో కూర్చుని ఆ పేజీ తిప్పి చూసేవాడు. ఆ సరికి నేను డ్యూటీ దిగి ఇంటికి వెళ్లిపోయి ఉండేవాణ్ని. చాలామంది కెప్టెన్లు నా మొహం ఎన్నడూ చూడలేదు. అయినా ఆ కెప్టెన్ నా సంతకం చూసి, దాని కింద తన సంతకం పెట్టి, వెనక కూర్చున్న అందరి ప్రాణాలూ తీసుకుని పైకి లేచేవాడు. నేను చూడని బ్రేకును చూశానని రాస్తే ఆయనకు తెలిసే మార్గం లేదు. విమానయానం మొత్తం నిలబడింది ఈ నమ్మకం మీద, ఎదురుగా లేని మనిషి నిజమే రాశాడన్న నమ్మకం మీద.

నీ లాగ్‌బుక్ కూడా అలాంటిదే. తేదీ, విమానం రకం, దాని రిజిస్ట్రేషన్, ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఇన్‌స్ట్రక్టర్‌తో ఎంత, సొంతంగా ఎంత, రాత్రి ఎంత, ఇన్‌స్ట్రుమెంట్ మీద ఎంత అని గళ్లు. పేజీ కింద కూడిక, ఆ మొత్తం తర్వాతి పేజీకి. ఒక వరసలో 1.2 బదులు 2.2 అని రాస్తే ఆ ఒక్క గంట ప్రతి పేజీ కూడికలోనూ నీ వెంట వస్తుంది, నువ్వు రిటైరయ్యేదాకా. పైగా విమానం ఎంతసేపు నడిచిందో చూపే హాబ్స్ మీటరు రికార్డు స్కూల్లో ఉంటుంది, నువ్వు కట్టిన బిల్లు ఉంటుంది. వాటితో పోల్చి చూసేవాళ్లు చూస్తారు. 2011లో మన దేశంలో దొంగ మార్కుల జాబితాలతో లైసెన్సులు తెచ్చుకున్నవాళ్లు బయటపడి పైలట్లు అరెస్టయ్యారు. అప్పటికే వాళ్లు ప్రయాణికులను ఎక్కించుకుని తిరుగుతున్నారు. పట్టుబడతావని కాదు నేను చెప్పేది. ఎగరని గంట నీకేమీ నేర్పదు. రాత్రిపూట పక్కగాలిలో రన్‌వే మీద దించాల్సినప్పుడు చేతులకు గుర్తుండేవి నిజంగా ఎగిరిన గంటలే. ఆ గదిలో అమ్మాయికి కూడా ఈ మాట చెప్పు. కోప్పడకుండా, నెమ్మదిగా చెప్పు.

ఇంటికొస్తే ఏముంది అంటావా? ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అమెరికా లైసెన్సు పట్టుకుని వచ్చి నేరుగా విమానం ఎక్కలేవు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సుగా మార్చుకోవాలి. నావిగేషన్, మెటీరియాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్ పరీక్షలు రాయాలి, రేడియో టెలిఫోనీ పాసవ్వాలి, క్లాస్-1 మెడికల్ చెల్లుబాటులో ఉండాలి, నీ లైసెన్సు నిజమైనదేనని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నుంచి ధ్రువీకరణ రావాలి. ఆలస్యం చేస్తే ఈమధ్య ఎగిరిన అనుభవం చూపించడానికి మళ్లీ డబ్బు కట్టి ఎగరాలి. అందుకే గడువు చివరిదాకా అక్కడ ఆశతో కూర్చోవద్దంటున్నాను. ఆ తర్వాత ఒక్కో రకం విమానానికి విడిగా తీసుకునే టైప్ రేటింగ్, ఎ320కో బోయింగ్ 737కో. దానికి మళ్లీ లక్షలే. అన్నీ అయ్యాక కూడా ఎయిర్‌లైన్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగాలి.

"కొరత కొరత" అని పేపర్లో చదువుతాం. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకూ, ఇండిగో 500 విమానాలకూ ఆర్డర్లు ఇచ్చాయి. మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు రాబోయే 15, 20 ఏళ్లలో 30 వేల మంది పైలట్లు కావాలన్నారు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ విమానాలు ఏళ్ల తరబడి వస్తాయి, లైసెన్సులు ఏటా వస్తాయి. 2023 ఒక్క ఏడాదిలో డీజీసీఏ 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు అనుభవమున్నవాళ్లే వచ్చి క్యూలో ముందు నిలబడ్డారు. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారి ఇండిగో వేలకొద్దీ విమానాలు రద్దు చేసుకున్నప్పుడు మన వాళ్లందరూ "ఇంకేం, చిన్నికి ఉద్యోగం వచ్చేసినట్టే" అన్నారు. కానీ రేపటికి రేపు రోస్టర్లో కూర్చోబెట్టగలిగేది తయారుగా ఉన్నవాళ్లను మాత్రమే. కొత్తగా వచ్చిన పిల్ల తయారవ్వడానికి నెలలు పడుతుంది. అయినా కొత్తవాళ్లను తీసుకోకుండా కెప్టెన్లు తయారవ్వరు కాబట్టి ఆ వంతు వస్తుంది. ఎప్పుడన్నదే ఎవరూ చెప్పలేరు. ఒక్క ఊరట ఉంది. మన దేశపు పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్లు, ప్రపంచ సగటుకు ఇది మూడింతలు. కాక్‌పిట్‌లో ఆడపిల్ల కనిపిస్తే ఇక్కడ ఎవరూ వింతగా చూడరు.

ఆ వేచివుండే కాలాన్ని ఊరికే పోనివ్వకు. ఇంటర్ ఎంపీసీతోనే వెళ్లిపోయావు. ఏదైనా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి చేరు. మెడికల్‌లో ఏదైనా చిన్న తేడా వస్తే పైలట్ బతుకు ఒక్క రోజులో ఆగిపోతుంది, అప్పుడు చేతిలో ఇంకొక చదువు ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసుకుంటే ఇక్కడి శిక్షణ సంస్థల్లో జీతానికి జీతం, గంటలకు గంటలు. టైప్ రేటింగ్ మాత్రం ఉద్యోగం మాట తేలకముందే అప్పు చేసి తొందరపడి చెయ్యకు. వాడకుండా ఉంటే అదీ పాతబడుతుంది.

చివరగా మీ నాన్న. తెనాలి దగ్గర చేను అమ్మారు, చాలక బ్యాంకులో ఇల్లు తనఖా పెట్టారు. హాబ్స్ మీటరు మీద తిరిగిన ప్రతి పదోవంతు గంటకూ ఆయన ఏదో ఒకటి వదులుకున్నారు. ఆయనకు నిజం చెబితే కుంగిపోతారని నువ్వు భయపడుతున్నావు. బావగారిని నేను నీకన్నా ఎక్కువ కాలంగా ఎరుగుదును. పంట పోయిన ఏడు ఆయన ఎవరినీ నిందించలేదు, అబద్ధం చెప్పిన ఎరువుల కొట్టువాడితో మాత్రం మళ్లీ మాట్లాడలేదు. ఆయనకు నష్టం తట్టుకునే శక్తి ఉంది. కూతురు తన దగ్గర దాచిందంటే తట్టుకోలేరు. వాయిదాలు ఎప్పుడు మొదలవుతాయో, డీజీసీఏ మార్పిడికి ఎంతవుతుందో, ఉద్యోగం లేకుండా ఏడాదో రెండేళ్లో గడిచినా ఎలా నెట్టుకురావాలో కాగితం మీద వేసుకుని ఆయనతో కూర్చో. ఆ లెక్కలో నన్నూ కలుపుకో. నా పెన్షన్‌లో నుంచి ఎంత ఇవ్వగలనో మీ అత్తయ్యతో మాట్లాడే ఈ మాట రాస్తున్నాను.

స్కూలు నుంచి లాగ్‌బుక్ పేజీల మీద ఇన్‌స్ట్రక్టర్ సంతకాలు, శిక్షణ రికార్డుల కాపీలు అన్నీ దగ్గరుండి తీసుకో. వచ్చేశాక అవి తెప్పించుకోవడం తలకు మించిన పని. కన్సల్టెన్సీకి రూపాయి కూడా పంపకు. ఐ-94 తేదీకి ముందే టికెట్ కొనుక్కో. ఈ ఉత్తరం చదివిన రోజే నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పు తల్లీ.

మీ మామయ్య